తెలిసిన ఇంగ్లిషు మాటలతోనే చిక్కు

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఏడో తరగతి చదువుతున్న మా మనవరాలు మొన్న లెక్కల పుస్తకం పట్టుకొచ్చి, ‘రెండుకు పవర్ ఉండడమేమిటి తాతయ్యా?’ అని అడిగింది. ఇంట్లో ‘పవర్ పోయింది’ అంటే కరెంటు, కళ్లద్దాల దుకాణంలో ‘పవర్ పెరిగింది’ అంటే చూపు మందగించడం, టీవీ వార్తల్లోనైతే అధికారం. అదే మాట లెక్కల్లో ఘాతమనీ, పై తరగతుల భౌతికశాస్త్రంలో సామర్థ్యమనీ అర్థమిస్తుందని ఆ పిల్లకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. టేబుల్ సంగతీ అంతే: బల్ల, ఎక్కం, పట్టిక. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు రెండో కూర్పులో ‘సెట్’ అనే చిన్న క్రియకే 400కు పైగా అర్థాలున్నాయి.

కొత్త మాట ఎదురైతే పిల్లలు నిఘంటువు తీస్తారు గానీ, తెలుసుననుకున్న మాటకు తీయరు. నా బోధనానుభవంలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరిగాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఎదురెదురు పుటల్లో తెలుగు, ఇంగ్లిషు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇప్పటికే ఉన్నాయి గనుక, ఇటువంటి మాట మొదటిసారి వచ్చిన చోటనే దాని అర్థాన్ని, వాడుకలోని అర్థంతో దానికున్న తేడాను ఒక్క పంక్తిలో చేర్చవలసిందిగా పాఠ్యపుస్తక రచయితలను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి