సున్నాలు చుట్టిన క్యాలెండరు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన సోమవారం ప్రార్థన జరుగుతుండగా నాలుగో తరగతి పిల్లవాడొకడికి ఫిట్స్ వచ్చింది. కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయి వరుసలోనే పడిపోయాడు. ఒకరు పరుగున తాళాల గుత్తి తెచ్చి వాడి గుప్పెట్లో పెట్టారు. మరొకరు పళ్ళ మధ్య చెంచా పెట్టబోయారు. వాళ్ళను ఆపి, వాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూస్తూ కూర్చున్నాను. రెండు నిమిషాల్లో తగ్గింది. తేరుకున్నాక వాడు మొదట అడిగింది, రెండో చెప్పు ఏదని.

తాళాలు పట్టిస్తే ఫిట్స్ ఆగదు. దానంతటదే ఆగే వేళకు తాళాలు చేతిలో ఉంటాయి, అంతే. చెంచా పెడితే పళ్ళు విరగవచ్చు, ఊపిరికి అడ్డం పడవచ్చు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్ళీ వచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

సాయంత్రం వాళ్ళమ్మ వచ్చారు, చేతిలో వంటింటి క్యాలెండరుతో. క్యాలెండరు ఒడియాది, రాతలు తెలుగువి. కొన్ని తేదీలకు ఎర్ర సున్నాలు, పక్కన చిన్న అక్షరాలు: జ్వరం, నిద్రలో, కుడి చెయ్యి, మూడు నిమిషాలు. రెండేళ్ళుగా రాస్తున్నారట. బడికి మాత్రం చెప్పలేదు, చెబితే చేర్చుకోరేమోనని. ఇదంతా ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను.

ఆ సున్నాలు చూస్తే నాకు షార్లెట్ ద్రావే గుర్తొచ్చారు. ఫ్రాన్సులోని మార్సెయ్ నగరంలో పిల్లల మూర్ఛకు వైద్యం చేస్తూ, దాని మీద పరిశోధిస్తూ జీవితం గడిపిన డాక్టరు. చక్కగా ఎదుగుతున్న పసివాళ్ళకు ఏడాది నిండకముందే జ్వరంతో ఫిట్స్ వచ్చి చాలాసేపు ఆగకపోవడం, తరచూ ఒంటికి ఒక పక్కనే రావడం, మొదట్లో ఈఈజీలో, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్షలో, పెద్దగా తేడా కనిపించకపోవడం ఆవిడ గమనించారు. ఇది వేరే జబ్బని 1978లో రాశారు. తర్వాత దానికి ఆవిడ పేరే పెట్టారు. కారణం మాత్రం 2001లో బెల్జియం పరిశోధకులకు దొరికింది: ఎస్‌సీఎన్1ఏ జన్యువులో మార్పు. మెదడు కణాల్లోకి సోడియం వెళ్ళే దారుల్లో ఒకటి ఈ జన్యువు వల్లే తయారవుతుంది. అందుకే ఆ దారిని అడ్డుకునే కార్బమజెపిన్, మరికొన్ని మూర్ఛల్లో మంచి మందే అయినా, ఈ పిల్లల్లో ఫిట్స్‌ను పెంచవచ్చు. చాలామందిలో ఆ మార్పు అమ్మానాన్నల నుంచి రాదు, బిడ్డలోనే కొత్తగా వస్తుంది. తమ వల్లే వచ్చిందని కుమిలిపోయే తల్లులకు ఈ మాట చేరాలి.

మన పిల్లవాడిది ఆ జబ్బు కాదు. కానీ జన్యువు దొరికేదాకా ఆ 23 ఏళ్ళూ డాక్టర్లు ఎక్కువగా ఆధారపడింది ఇంట్లోవాళ్ళు చూసి చెప్పిన మాట మీదే. బరంపురంలోనో శ్రీకాకుళంలోనో మీరు డాక్టరు ఎదుట కూర్చున్న పది నిమిషాల్లో ఫిట్స్ రాదు. అది ఎలా వచ్చిందో ఆయనకు తెలియాలంటే ఇలాంటి క్యాలెండరు, కుదిరితే ఫోనులో తీసిన వీడియో కావాలి. ఫిట్స్ రావడం లేదు కదా అని మాత్రలు మీకు మీరే ఆపకండి.

మన అడ్మిషన్ ఫారంలో ఇది రాసే చోటే లేదు. ఆ లోపం నాది, ఈ నెలలోనే సరిచేస్తున్నాం. ఫిట్స్ ఉందని చెప్పినంత మాత్రాన ఏ బిడ్డ బెంచీ మార్చం, ఆటలు మాన్పించం. నవంబరు 17 జాతీయ మూర్ఛ దినం. ఆ రోజు నాలుగింటికి ఉపాధ్యాయులకూ ఆయాలకూ పిల్లవాణ్ణి పక్కకు ఎలా తిప్పాలో చేసి చూపిస్తాం. మీరూ రండి.

వెళ్ళేముందు ఆవిడ, "ఎంతసేపు వచ్చింది మేడమ్?" అని అడిగారు. చెప్పాను. నా బల్ల మీది ఎర్ర పెన్ను తీసుకుని సోమవారానికి సున్నా చుట్టారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
పర్లాకిమిడి