మేస్త్రి అచ్చులు కాలవగట్టు పాలయ్యాయి

సంపాదకుడు గారికి,

1996 నవంబరు 6 తుపానుకు మా చర్చి పైకప్పు లేచిపోయి, మరియమాత స్వరూపం రెండు ముక్కలైంది. దాన్ని అతకడానికి తమిళనాడు నుంచి వచ్చిన మేస్త్రి మరి తిరిగి వెళ్లలేదు. ఇక్కడే ఇల్లు అద్దెకు తీసుకుని, పిల్లల్ని తెలుగు బడిలో వేసి, చుట్టుపక్కల చర్చిలన్నిటికీ పనిచేశాడు. పీఠం మీద నగిషీలు, సిలువ మార్గం 14 స్థలాలు (యేసు సిలువ యాత్ర ఘట్టాల బొమ్మలు), డిసెంబరు వస్తే పశువుల పాక బొమ్మలు. గుడి గోపురాల మీది సున్నం బొమ్మలూ ఆయనే బాగుచేసేవాడు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి, మన కొబ్బరి పీచే అందులో ముంచి, అచ్చు లోపల పొరలుగా అద్దేవాడు. బొమ్మ డొల్లగా, తేలిగ్గా ఉండేది, పీచు పట్టుకోవడం వల్ల త్వరగా పగిలేది కాదు. పూర్తిగా ఆరేదాకా ఎవరు తొందరపెట్టినా రంగు ముట్టేవాడు కాదు. ఇప్పుడేమో పండగ వస్తే చాలు, తళతళలాడాలని ఎనామిల్ పూసేస్తున్నారు. మన ఉప్పుగాలికి, చిత్తడికి లోపల చేరిన తడి బయటికి పోలేక ప్లాస్టర్ పొడిపొడిగా రాలుతుంది. మా మరియమాత చేతివేళ్లు అలాగే పోయాయి.

మేస్త్రి చనిపోయాక ఇల్లు ఖాళీ చేస్తూ ఆయన అచ్చులు కాలవగట్టున పారేశారు. నాకు తెలిసేసరికి వానకు నాని ముక్కలైపోయాయి. ఒక్కటి కూడా దాచలేకపోయానని ఇప్పటికీ బాధే.

ఇటలీలో లూకా ప్రాంతం వాళ్లు ప్లాస్టర్ బొమ్మలతో దేశదేశాలకు వలసపోయారు. అక్కడి కొరెల్యా అంతెల్మినెల్లి అనే కొండ ఊళ్లో ఆ బొమ్మలకూ, ఆ వలసకూ కలిపి మ్యూజియం ఉంది. ఇటలీ నుంచే షికాగో చేరిన దాప్రాతో సోదరులు 1860లో మొదలుపెట్టిన సంస్థ చర్చిలకు స్వరూపాలు చేసి పేరు తెచ్చుకుంది. వలస వచ్చిన పనివాళ్ల చరిత్ర వాళ్లకు అలా మిగిలింది.

విగ్రహాలకు పేరుపడ్డ కొత్తపేట మన జిల్లాలోనే ఉంది. అక్కడ ఒక్క గది కేటాయించి, పాత మేస్త్రీల అచ్చులు, పనిముట్లు భద్రపరచమని కలెక్టరు గారిని కోరుతున్నాను. చర్చి కమిటీల పెద్దలు రంగు వేయించే ముందు పని తెలిసినవాళ్లకు ఒకసారి చూపించాలి.

మా చర్చి గోడకు చలవరాతి పలక ఉంది. సిమెంటు బస్తాలిచ్చిన వాళ్ల పేర్లతో సహా దాతలందరూ అందులో ఉన్నారు. మేస్త్రి పేరు లేదు. క్రిస్మస్ లోపు చెక్కించమని కమిటీకి అర్జీ ఇచ్చాను, ఖర్చు నేను పెట్టుకుంటానని కూడా రాశాను.

ఒక పాఠకుడు,
ముమ్మిడివరం మండలం, కోనసీమ