బీరువా అమ్మే ముందు దాని పిడులు మార్చి చూడు

కడప,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన రమణా,

అనంతపురం ఇంట్లోని పాత సామానంతా తీసేసి కొత్తది కొంటానని నువ్వు ఫోనులో చెప్పిన నాటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటూనే ఉన్నాను. మిగిలినవి నీ ఇష్టం కాని, మీ నాన్నగారి టేకు బీరువాను మాత్రం దయచేసి అమ్మవద్దు.

నెల రోజులుగా మా ఇంట్లోనూ ఇదే పని నడుస్తున్నది. టీవీ కింద పెట్టిన, చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు బల్లకు నేల కడిగిన నీళ్లు తగిలి అడుగంతా ఉబ్బిపోయింది. ఒకసారి ఉబ్బిన ఆ బోర్డులో స్క్రూ నిలవదు కనుక దానిని తీసేసి చెక్క బల్ల చేయించాను. మా అవ్వ కాలం నాటి బీరువాను కూడా తీసేద్దామనే అనుకున్నాను గాని, వడ్రంగి ఆచారి వచ్చి బీరువా తలుపును వేళ్లతో తట్టి చూసి, చెక్కకు ఏమీ కాలేదని, అరిగినవి బందులూ పిడులేనని చెప్పాడు.

అసలు చిక్కు పిడుల దగ్గరే వచ్చింది. పాత పిడికి రెండు రంధ్రాల నడుమ దూరం 4 అంగుళాలు, అంటే దాదాపు 102 మిల్లీమీటర్లు. ఇప్పుడు అంగట్లో దొరికేవి ఎక్కువగా 96, 128, 160 మిల్లీమీటర్ల కొలతలవి. నేను కొలవకుండా ఇక్కడి బజారు వై.వి. స్ట్రీట్‌కు వెళ్లి 96వి తెచ్చి, అవి సరిపోక మరునాడు తిరిగి ఇచ్చి వచ్చాను. చివరికి ఆచారి వెదురు పుల్లలను ఫెవికాల్‌లో ముంచి పాత రంధ్రాలలో దిగగొట్టి, ఆరిన తరువాత అంచులు కోసి, ఉప్పుకాగితంతో రుద్ది, కొత్త రంధ్రాలు వేశాడు. నువ్వు మాత్రం ఒక రంధ్రం నడిమధ్య నుంచి మరో రంధ్రం నడిమధ్యకు కొలిచి, తలుపు మందం కూడా రాసుకొని అంగడికి వెళ్లు.

ఇత్తడివి కొనేటట్లయితే జేబులో ఒక అయస్కాంతం ఉంచుకో. అది అంటుకుంటే లోపల ఉన్నది ఇనుమే. అయితే జింక్ మిశ్రమానికీ అయస్కాంతం అంటుకోదు కనుక, అంటుకోనంత మాత్రాన ఇత్తడి అని నమ్మక, చేత పట్టుకొని బాగా బరువుగా ఉందో లేదో కూడా చూడు. మా బీరువాకు ఉన్న పాత ఇత్తడి గడియను మీ చెల్లెలు చింతపండుతో తోమితే బంగారంలా మెరిసింది, దానిని అలాగే ఉంచుకున్నాము.

వంటింటి సంగతి వేరు. మన వైపు అరలన్నీ కడప బండలే కదా, రాతికి బందులు నేరుగా బిగించలేము కనుక బండల అంచున చెక్క చట్రం కట్టించి తలుపులు పెట్టించాను. తిరగవాత పొగకూ తడికీ తట్టుకోవాలని అక్కడ స్టీలు బందులే వేయించాను. అమ్మకు వేళ్ల నొప్పులు, గుండ్రటి గుబ్బను పట్టి లాగలేదు. అందుకని నాలుగు వేళ్లూ దూరే పొడవాటి పిడులు పెట్టించాను. ఇప్పుడు ఎవరినీ పిలవకుండా తానే తలుపు తీసి పప్పు డబ్బా అందుకుంటున్నది. ఈ నెలంతా పడిన శ్రమలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది అదే.

మీ బీరువా పిడి కొలత, తలుపు మందం రాసి పంపు. వచ్చే శనివారం ఆచారి మళ్లీ వస్తాడు, నీకు ఏమేమి కావాలో అతడినే అడిగి తెలుసుకుంటాను. అత్తమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ
శీనయ్య