ఉలి పట్టే చేతుల రక్షణ గురించి తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారములు. నేను ఏర్పేడు మండలం మాధవమాలలో 34 ఏళ్లుగా కొయ్య శిల్పాలు చెక్కుకుని బతుకుతున్నవాణ్ణి. తిరుమల యాత్ర ముగించుకున్నవారు ఇళ్లకు తీసుకువెళ్లే వేంకటేశ్వరస్వామి ప్రతిమలు, దశావతారాల పలకలు, వినాయక విగ్రహాలు ఎన్నో మా ఊరి అరుగుల మీద, పంచల్లో తయారవుతాయి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీ పట్టుకుని రావచ్చును గాని, నేను చెప్పదలచినది నా ఒక్క ఇంటి సమస్య కాదు. పదునైన పనిముట్టుతో పొట్ట పోసుకునే ప్రతి ఇంట్లోనూ ఉండి కూడా ఎవరూ అర్జీగా రాయని విషయం ఇది. అందుకే అందరూ చదివేటట్లు రాస్తున్నాను.

పదకొండేళ్ల కిందట ఒక సాయంత్రం, మర్నాటికి ఇవ్వవలసిన చిన్న గరుడ విగ్రహాన్ని ఎడమ చేతిలో పట్టుకుని, కుడి చేత్తో గుండ్రటి ఉలిని తోస్తూ రెక్కల మడతలు తీస్తున్నాను. చెక్కలో ఒక ముడి అడ్డుపడింది. ఉలి మొండికేసింది, నేను మరికాస్త బలం పెట్టాను, ముడి ఒక్కసారిగా విడిపోయింది, ఉలి కొన నా ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది. పెద్దగా రక్తం పోలేదు. పసుపు అద్ది, గుడ్డపీలిక చుట్టి, ఆ రాత్రే విగ్రహం పూర్తి చేశాను. నాలుగైదు రోజులకు గాయం మానింది గాని, బొటనవేలి చివరి కణుపు వంగడం లేదు. నొప్పి లేదు కాబట్టి వాపు వల్ల కాబోలు అనుకుని, పని తెమలక, ఆరు వారాల తరువాత ఆసుపత్రికి వెళ్లాను. కండరాన్ని ఎముకకు కలిపి వేలిని వంచే తాడు లాంటి టెండన్ పూర్తిగా తెగిపోయిందని, తెగిన కొన మణికట్టు వైపు లోపలికి లాక్కుపోయిందని, మొదటి కొద్ది రోజుల్లో వచ్చి ఉంటే రెండు కొనలనూ కలిపి కుట్టగలిగేవారమని, ఇప్పుడైతే మరోచోటి నుంచి టెండన్ తెచ్చి అతికించవలసి వస్తుందని, ఆ తరువాత నెలల తరబడి చేతికి వ్యాయామం అవసరమని అక్కడి వైద్యులు వివరించారు. నెలల తరబడి పని మానుకునే స్తోమత నాకు లేకపోయింది. ఈనాటికీ ఆ కణుపు వంగదు.

బయటివారికి ఇది చిన్న లోపంగా కనిపించవచ్చు. మా పనిలో కుడి చెయ్యి కొడుతుంది, ఎడమ చెయ్యి పట్టుకుంటుంది. కుడి చేతివాటం వాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఆ పట్టుకునే చేతికే, అందులోనూ బొటనవేలికీ చూపుడువేలికీ. పట్టు తప్పిన రోజు నుంచి నేను జానెడు లోపు విగ్రహాలు చెక్కలేకపోతున్నాను. ముఖకవళికలు తీర్చే సన్నని పని, నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, నా తమ్ముడి కొడుకుకు అప్పజెప్పాను.

చెక్క నార ఎటు పోతుందో, విగ్రహం అవయవాల కొలతలు చెప్పే తాళ ప్రమాణం ఎలా వెయ్యాలో, ఏ ఉలిని ఎంత వాలుగా పట్టాలో మా పెద్దలు నాకు ఏళ్ల తరబడి ఓపికగా నేర్పారు. ఉలి ముందుకు పోతున్నప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడ ఉండాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. "నాలుగు కోతలు పడితేనే పని వస్తుంది" అనేవారు. నాకు విద్య ఇచ్చిన గురువుల మీద గౌరవం చెక్కుచెదరకుండానే చెబుతున్నాను, ఆ మాట తప్పు. ఆ మాట వింటూ పెరిగిన పిల్లవాడు తెగిన వేలిని చూపించడానికి సిగ్గుపడతాడు, దాచుకుంటాడు, ఆలస్యం చేస్తాడు, చివరికి నాలాగే వేలి కదలికను పోగొట్టుకుంటాడు.

పదును ఎక్కువైతే ప్రమాదమని జనం అనుకుంటారు. అనుభవం అందుకు విరుద్ధంగా ఉంటుంది. పదును తగ్గిన ఉలి చెక్కలోకి దిగదు. దాన్ని దింపడానికి భుజం బలమంతా వాడతాము, చెక్క ఒక్కసారి లొంగగానే ఆ బలాన్ని ఆపుకోలేము. ఎర్రచందనం వంటి గట్టి చెక్క మీద ఇది మరీ ఎక్కువ. సానరాయి మీద నూరి, తోలుపట్టీ మీద తిప్పి, వెంట్రుకను తెంపే అంచు తెచ్చుకున్న ఉలి తక్కువ బలంతో, చెప్పినట్లు వింటుంది. కనుక మొదటి రక్షణ సానరాయి. రెండోది, పని ముక్క చేతిలో ఉండకూడదు. బల్లకు క్లాంపుతో బిగించినా, ఇసుక సంచి మీద ఒత్తి నిలిపినా, రెండు చేతులూ అంచుకు వెనుకనే ఉంటాయి. అప్పుడు ఒక చెయ్యి పిడిని తోస్తుంది, రెండో చెయ్యి ఉలి లోహం మీద ఆని ఎక్కడ ఆగాలో చెబుతుంది. తప్పనిసరిగా చేతిలో పట్టుకోవలసిన చిన్న ముక్కయితే, తోపు భుజం నుంచి కాక వేళ్ల నుంచి, గింజంత దూరం మాత్రమే ఉండాలి. బల్ల మీద నుంచి జారిన ఉలిని పట్టుకోబోయి అరచెయ్యి కోసుకున్న కుర్రవాణ్ణి నేను నా పంచలోనే చూశాను. జారిన పనిముట్టును పడనిచ్చి, పాదం వెనక్కి తీసుకోవాలి. విరిగిన అంచును మళ్లీ నూరుకోవచ్చు.

అయ్యా, ఉలి కంటే నన్ను ఎక్కువ భయపెడుతున్నది చేతిలో పట్టుకుని వాడే కరెంటు గ్రైండరు. పెద్ద దుంగను త్వరగా రూపానికి తేవడానికి నాలుగు అంగుళాల గ్రైండరుకు రంపపు పళ్ల బ్లేడు తగిలించి, చూపుకు అడ్డమని దాని రక్షణ కప్పును ఊడదీసి, ఒంటి చేత్తో పట్టుకుని వాడడం ఈమధ్య అన్నిచోట్లా మామూలైంది. ఆ యంత్రం నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. రంపపు బ్లేడు అంత వేగానికి చేసినది కాదు, ఆ యంత్రం రంపపు బ్లేడుకు చేసినది కాదు. పన్ను చెక్కలో చిక్కుకున్న క్షణంలో యంత్రం మనిషి మీదికి ఎగిరివస్తుంది. ఉలి గాయం గీత లాంటిది. ఈ గాయం మాంసాన్ని, ఎముకను, టెండన్లను కలిపి చీల్చేస్తుంది, కుట్టడానికి సాపైన అంచులు మిగలవు. ఇక్కడ చేతితొడుగుల విషయంలో ఒక మనవి. కోతను తట్టుకునే తొడుగు ఉలి పనిలో, పట్టుకునే చేతికి మంచిదే. కాని అది అంచు కోతను ఆపుతుందే తప్ప కొన పోటును ఆపదు. తిరిగే యంత్రం దగ్గరైతే తొడుగే బ్లేడులో చిక్కుకుని చేతిని లోపలికి లాగుతుంది. అందువల్ల శిబిరం పెట్టి తొడుగులు పంచి ఫొటోలు తీసుకుంటే రక్షణ కల్పించినట్లు కాదు. ఏ పనికి వెయ్యాలో, ఏ పనికి తియ్యాలో నేర్పకుండా ఇచ్చిన తొడుగు మరో ప్రమాదానికి దారి తీస్తుంది.

తెగిన తరువాత ఏం చెయ్యాలో కూడా మా వాళ్లకు తెలియదు. కాఫీ పొడి, సున్నం, బీడీ పొగాకు, ఏది చేతికి అందితే అది గాయంలో కూరుతారు. వైద్యులు కుట్టే ముందు దాన్నంతా కడిగి తియ్యవలసి వస్తుంది. నిజానికి కావలసినది ధారగా పోసే శుభ్రమైన నీరు, ఉతికిన గుడ్డ, పది పదిహేను నిమిషాల పాటు మధ్యలో తీసి చూడకుండా నొక్కిపట్టే ఓర్పు, గుండె కంటే ఎత్తులో ఉంచిన చెయ్యి. ఉంగరం ఉంటే వాపు రాకముందే తియ్యాలి. రక్తం ఆగాక ఒక్కొక్క వేలిని, ఒక్కొక్క కణుపును విడివిడిగా వంచి, చాచి చూడాలి. వేలి కొనకు రెండు వైపులా దూదితో తాకి స్పర్శ తెలుస్తున్నదో లేదో కనుక్కోవాలి. కణుపు వంగకపోతే టెండన్, స్పర్శ లేకపోతే స్పర్శను తెలిపే నాడి తెగి ఉండవచ్చు, గాయం పైకి ఎంత చిన్నదైనా సరే. మా ఊళ్లలో రెంటినీ "నరం" అనే అంటారు, రెండూ వాటంతట అవే కలుస్తాయనుకుంటారు. అర నిమిషం పట్టే ఈ పరీక్ష పదకొండేళ్ల కిందట నాకు తెలిసి ఉంటే ఆ రాత్రే బస్సెక్కేవాణ్ణి. వేలే తెగిపడితే దాన్ని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో మూతి బిగించి, ఆ కవరును ఐసు వేసిన నీళ్లలో ఉంచి మనిషితో పాటు తీసుకువెళ్లాలి. నేరుగా ఐసులో పెడితే కణజాలం చచ్చిపోతుంది. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నామో గుర్తుండే వాళ్లు మాలో అరుదు. మురికి గాయమైతే, చివరి టీకాకు అయిదేళ్లు దాటి ఉంటే, మళ్లీ వేయించుకోవాలన్న సంగతి తెలిసినవాళ్లు ఇంకా అరుదు.

కర్మాగారంలో వేలు పోతే అడగడానికి ఒక యజమాని ఉంటాడు. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం పట్టికలో బొటనవేలు పూర్తిగా పోతే 30 శాతం, చూపుడువేలు పోతే 14 శాతం, మధ్యవేలు పోతే 12 శాతం సంపాదన శక్తి పోయినట్లుగా లెక్క కట్టారు. పదిమంది గాని అంతకు మించి గాని పనిచేసే చోట ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా, ఉంటుంది. చిత్తూరు వైపు మామిడి గుజ్జు కర్మాగారాల్లో సీజనంతా తోతాపురి కాయలు కోసే ఆడవాళ్లకు ఆ హక్కులు నిజంగా అందుతున్నాయా అన్నది వేరే లేఖ కావలసిన విషయం. మాకు యజమాని లేడు. ముక్కకు ఇంత అని మాట్లాడుకుని ఇంట్లో చెక్కేవాడి వేలికి ఏ పట్టికలోనూ విలువ లేదు. అలాంటప్పుడు దెబ్బ తగలకుండా చూడడం, తగిలినా మొదటి రోజే ఆసుపత్రికి చేర్చడం తప్ప మాకు మిగిలిన దారి లేదు.

ఇది మీ చేతిలో ఉన్న పని కాబట్టే మీకు రాస్తున్నాను. చేతివృత్తులవారి కోసం కేంద్రం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకానికి జిల్లా స్థాయి అమలు కమిటీ అధ్యక్షులు మీరే. ఆ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగి, శిల్పి, బొమ్మల తయారీదారు, క్షురకుడు, చర్మకారుడు, బుట్టలు అల్లేవాడు, అందరూ అంచు ఉన్న పనిముట్టు పట్టేవాళ్లే. అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ ఉంది, రోజుకు 500 రూపాయల భత్యం ఉంది, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం ఉంది. ఆ శిక్షణలో ఒక పూటను చేతుల రక్షణకు కేటాయించండి. ఆ పూట ఉపన్యాసంగా కాక బల్ల దగ్గర, సానరాయి మీద, క్లాంపు బిగించి చూపే పనిగా ఉండాలి. గాయాన్ని నొక్కిపట్టడం, కణుపులు వంచి చూడడం ఆరోగ్య ఉపకేంద్రపు ఏఎన్ఎం చేత చేయించాలి. లబ్ధిదారులు పనిముట్లు ఎంచుకునేటప్పుడు మంచి సానరాయి, రెండు క్లాంపులు, రక్షణ కప్పు ఉన్న గ్రైండరు కొనుక్కునేలా మన జిల్లాలో సలహా ఇప్పించండి. తిరుపతిలో తితిదే నడుపుతున్న సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో చేరే పిల్లలకు మొదటి వారంలోనే ఈ పాఠం చెప్పించమని సంస్థవారిని కోరండి. రుయా, స్విమ్స్, బర్డ్ వంటి పెద్ద ఆసుపత్రులు ఒకే ఊళ్లో ఉన్న జిల్లా మనది. చేతి గాయంతో వచ్చిన పల్లెవాడు ఏ వేళలో, ఏ విభాగానికి వెళ్లాలో ఒక్క కాగితం మీద తెలుగులో అచ్చువేసి, మాధవమాల వంటి ఊళ్ల సచివాలయాల గోడలకు అంటించండి. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు.

ఆ ఒక్క పూట నేర్పడానికి పిలిస్తే, ఏ మండలానికైనా నా ఖర్చుల మీదే వస్తాను. నా సానరాయి, తోలుపట్టీ, ముడి దగ్గర జారిన ఆ గుండ్రటి ఉలి తెచ్చుకుంటాను. నా ఎడమ బొటనవేలిని పిల్లల ముందు పెట్టి, వంచమని అడగమంటాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక కొయ్య శిల్పి,
మాధవమాల, ఏర్పేడు మండలం, తిరుపతి జిల్లా.