మాగాయ బాబాయిగారికి

మొన్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి నుంచి వస్తూ, సికింద్రాబాద్‌లో దిగే హడావుడిలో బెర్తు కింద ఒక గుడ్డసంచి మరిచిపోయాను. అందులో ఉన్నది మా మేనత్త చేతిరాత నోటుపుస్తకం. అత్త పోయి ఇంకా నెల కాలేదు.

ఆవకాయకి ఆవపిండి, కారం కొలతలు, మా పిల్లలందరి జన్మనక్షత్రాలు, 1996 తుఫానుకి కొబ్బరిచెట్లన్నీ పడిపోయినప్పుడు ఎవరి దగ్గర ఎంత చేబదులు తెచ్చిందో, అన్నీ అందులోనే (నాన్న ఇప్పటికీ తీర్చని రెండు వందలతో సహా!). మా ఇంట్లో ఏ బారసాలకైనా బిడ్డని ఉయ్యాల్లో వేసేది అత్తే. నాన్నా, మా సొంత బాబాయీ మాట్లాడుకోని మూడేళ్లూ ఇద్దరిళ్లకీ ఒకే సైజు జాడీలు పంపింది.

ముక్కూమొహం తెలియని మీరు ఆ సంచి తీసుకుని నాంపల్లిలో దిగి, చివరి పేజీలో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, ఆటోలో మళ్లీ సికింద్రాబాద్ వచ్చారు. ఆటో డబ్బులిస్తే తీసుకోలేదు. పేరడిగితే, "మాగాయ పేజీ చదివేశానమ్మా, ఏమీ అనుకోకు" అన్నారు.

చాలా థాంక్సండీ. అడ్రసు అడిగితే నవ్వి ఫోన్ పెట్టేస్తున్నారు కాబట్టి అందరి ముందూ అడుగుతున్నా. ఈ వేసవిలో ఆ పేజీ చూసే మాగాయ పెడతాను. జాడీ ఎక్కడికి పంపమంటారు?