యౌవనస్థుల విభాగం: 2025–26 వార్షిక నివేదిక

క్రీస్తునందు ప్రియమైన సంఘ సభ్యులందరికీ వందనాలు.

పోయిన ఏడాది ఇదే హాల్లో, టీనేజీ పిల్లలకు స్నేహం, ప్రేమ, పెళ్లి విషయాల మీద తరగతులు పెట్టాలని తీర్మానం చేశాం. చేతులెత్తి ఆమోదించింది మీరే. ఎందుకు పెట్టాలో ఆ రోజు గంటన్నర మాట్లాడుకున్నాం కాబట్టి మళ్లీ రాయను. ఏం జరిగింది, ఏం జరగలేదు అన్నదే ఇక్కడ ఉంది.

ముందు పేరు సంగతి. తీర్మానంలో "డేటింగ్" అనే మాట ఉంది. బులెటిన్‌లో అదే అచ్చయింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను గుమ్మం దగ్గరే ఆపేశారు. "చర్చిలో డేటింగ్ నేర్పిస్తారా అమ్మా?" అని. నిజానికి మన పిల్లలెవరూ ఆ మాట వాడరు. వాళ్ల నోట "కమిటెడ్", "సింగిల్", "బ్రేకప్" అనే మాటలే వినపడతాయి. చివరికి "యౌవనస్థుల శనివారం తరగతులు" అని మార్చాం. దాంతో పెద్దల ఫిర్యాదులు ఆగాయి. పిల్లలు మాత్రం మొదటి పేరే బాగుందన్నారు.

జూన్ నుంచి ఫిబ్రవరి దాకా నెలకు ఒకటి చొప్పున తొమ్మిది తరగతులు అనుకున్నాం, ఏడు జరిగాయి. ఒకటి వానకు పోయింది. ఇంకొకటి, హాలు నిశ్చితార్థానికి ఇచ్చేశారని ఆ రోజు మధ్యాహ్నం తెలిసి ఆపాం. పిల్లలు అప్పటికే బయల్దేరారు. దీని గురించి ఇంతకంటే రాస్తే బాగుండదు. విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో ఇంటర్ చదివే పిల్లల కోసం దసరా సెలవుల్లో ఒక తరగతి, సంక్రాంతి సెలవుల్లో ఒకటి పెట్టాం. వాళ్లు ఇంటికి వచ్చేదే అప్పుడు కదా.

మొదటి తరగతిలో మన పాస్టరు అయ్యగారు 1 కొరింథీయులకు 13వ అధ్యాయం తీశారు. పెళ్లిళ్లలో వినీ వినీ ఆ అధ్యాయం మనకు మంగళవాద్యంలా అయిపోయింది. అయ్యగారు పిల్లలతో "ప్రేమ" అన్న చోటల్లా, నిన్ను ప్రేమిస్తున్నానని చెప్పే మనిషి పేరు పెట్టి మనసులో చదువుకోమన్నారు. ఫలానా అతను అమర్యాదగా నడువడు, ఫలానా ఆమె స్వప్రయోజనమును విచారించుకొనదు, అలాగన్నమాట. ఆ తర్వాత తన పేరు పెట్టుకుని చదువుకోమన్నారు. అక్కడ నవ్వులు ఆగిపోయాయి.

అక్కడి నుంచి ఫోన్ల మీదికి వచ్చాం. పాస్‌వర్డ్ ఇవ్వమనడం, లొకేషన్ ఆన్‌లో ఉంచమనడం, పక్కన ఎవరున్నారో ఫోటో పెట్టమనడం. పదో తరగతి బాబు ఒకడు లేచి "అక్కా, అది కేర్ కదా?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న మీద నలభై నిమిషాలు నడిచింది. ఆడపిల్లల్లో సగం మంది అది కేర్ అనే అన్నారు, నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది. ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె, "ఆన్సర్ చేయడం పది నిమిషాలు లేటైతే నాకు టెన్షన్ వచ్చేది. అది ప్రేమో భయమో నాకే తెలిసేది కాదు" అంది. నేను రాసుకొచ్చిన నోట్సు ఆ రోజు తెరవలేదు.

చట్టం మీద తరగతిని మన సంఘంలోని లాయరు చెల్లెలు తీసుకుంది. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం లెక్కలో 18 ఏళ్లు నిండని ప్రతివారూ పిల్లలే, వాళ్ల "ఇష్టం" ఆ చట్టం ముందు నిలవదు అని ఆమె చెప్పగానే మగపిల్లల వరుస అంతా నిటారుగా కూర్చుంది. ఇద్దరూ ఇష్టపడి ఇల్లు వదిలి వెళ్లినా, అమ్మాయి మైనరైతే ఆమె ఇంటివాళ్లు పెట్టే కేసు ఆ అబ్బాయి జీవితాన్ని ఎటు తీసుకెళ్తుందో కూడా చెప్పింది. వద్దన్న అమ్మాయి వెంట పదే పదే తిరగడం సినిమాలో హీరోయిజం, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మాత్రం 78వ సెక్షన్ కింద నేరం. పద్దెనిమిది లోపు వారి నగ్న ఫోటో ఎవరి ఫోన్లోంచి ఎవరి ఫోన్లోకి పంపినా, కేవలం ఫార్వర్డ్ చేసినా, ఐటీ చట్టం 67బి కింద నేరమే. ఫోటో పెట్టుకుని ఎవరైనా బెదిరిస్తే డబ్బు ఇవ్వొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు, పిల్లల సహాయ నంబరు 1098కి గానీ సైబర్ నేరాల నంబరు 1930కి గానీ ఫోన్ చేయండని బోర్డు మీద రాసింది. బ్రేకప్ అయ్యి అన్నం మానేసిన పిల్లల కోసం మానసిక సహాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 కూడా రాసింది. ఆ బోర్డు మూడు వారాలు తుడవకుండా ఉంచాం. నాలుగో వారం ఎవరో క్వైర్ పాటల నంబర్లు రాసుకున్నారు.

ప్రశ్నల పెట్టె గురించి చెప్పాలి. క్రిస్మస్‌కి మిగిలిన గిఫ్ట్ పేపరు చుట్టిన చెప్పుల డబ్బా అది. పేరు రాయకుండా చీటీ వేయొచ్చని చెప్పాం. మొదటి నెల ఆరు చీటీలు వస్తే ఫిబ్రవరి నాటికి డబ్బా మూత పట్టలేదు. "ముద్దు పెట్టుకుంటే బాప్తిస్మం మళ్లీ తీసుకోవాలా?" అనే చిన్న ప్రశ్న నుంచి, "అవిశ్వాసులతో జోడుగా ఉండొద్దంటే నా హిందూ ఫ్రెండ్‌తో మాట్లాడకూడదా?" దాకా అన్నీ ఉన్నాయి. ఒక చీటీలో ఇలా ఉంది: "అబ్బాయి మన సంఘమే, రక్షణ పొందినవాడే, కులం వేరు. ఇంట్లో ఒప్పుకోరు. ఇది బైబిల్లో ఎక్కడుంది?" క్రీస్తులో అందరూ ఒక్కటే అనే గలతీయులకు 3:28 చదివి వినిపించాను. చదివాక నేనే తల దించుకున్నాను. మన క్రైస్తవ పెళ్లి సంబంధాల ప్రకటనల్లో మొదటి లైనులో ఏం రాస్తామో పిల్లలు చూడటం లేదనుకుంటున్నామా?

ఆ డబ్బా విషయంలోనే ఒక మాట కటువుగా రాయక తప్పదు. చీటీల చేతిరాత చూసి ఎవరు రాశారో పోల్చుకుందామని కమిటీలోనే ఒకరు నన్ను అడిగారు, రెండుసార్లు. ఆ రాత్రే చీటీలన్నీ చింపి పొయ్యిలో వేశాను. ఇక ముందు కూడా అంతే చేస్తాను.

ఇప్పుడు ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గది. సంక్రాంతి సెలవుల్లో తల్లిదండ్రుల్ని, పిల్లల్ని కలిపి కూర్చోబెట్టిన సాయంకాలం. పాఠం 2 సమూయేలు 13. సండే స్కూల్లో దాటేసే అధ్యాయం. ఆదివారం ఆరాధనలో కూడా నేనెప్పుడూ వినలేదు. దావీదు రాజు కొడుకు ఆమ్నోను, తనకు సవతి చెల్లెలైన తామారు మీద మనసు పడ్డాడు, మంచం పట్టాడు, అది ప్రేమే అనుకున్నాడు. తామారు వద్దంది, కారణాలు చెప్పి మరీ బతిమాలింది. అతడు వినలేదు, బలాత్కారం చేశాడు. అదయ్యాక, మునుపు ప్రేమించిన దానికంటే ఎక్కువగా ఆమెను ద్వేషించాడని అక్కడే రాసి ఉంది. ఈ భాగాలు పిల్లలే ఒకరి తర్వాత ఒకరు చదివారు. ఉపాయం చెప్పిన స్నేహితుడు యోనాదాబు దగ్గర అయ్యగారు ఆపి, "మీ వాట్సాప్ గ్రూపులో యోనాదాబు ఎవరు?" అని అడిగారు. మగపిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు నుంచి మన పిల్లల్లో అదొక తిట్టు అయిపోయింది.

తర్వాత అయ్యగారు పెద్దవాళ్ల వైపు తిరిగారు. "దావీదుకు తెలిసింది. ఏం చేశాడు?" ముందు వరుసలో ఒక పాప "కోప్పడ్డాడు" అంది. "ఆ తర్వాత?" ఎవరూ పలకలేదు, ఎందుకంటే ఆ తర్వాత ఏమీ లేదు. తామారు సొంత అన్న అబ్షాలోము ఆమెను ఊరుకోమన్నాడు, రెండేళ్లు కడుపులో పెట్టుకున్నాడు, చివరికి ఆమ్నోను హత్య దాకా పోయింది. అప్పుడు వెనక నుంచి ఒక తండ్రి లేచి, "మా ఇంట్లో కూడా అంతేనండి. అరుస్తాను, తర్వాత టీవీ పెట్టుకుంటాను" అన్నాడు. ఆయన కూతురు పక్కనే ఉంది. ఆ పిల్ల ముఖం నేను చూశాను, అందుకే ఈ పేరా ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అప్పటిదాకా పెట్టెలో ఎక్కువసార్లు వచ్చిన చీటీ ఏమిటో ఆ రోజే చదివాం: "ఇంట్లో చెబితే ముందు ఫోన్ లాక్కుంటారు." దాని వెనకే "కాలేజీ మాన్పిస్తారు", "సంబంధాలు చూస్తారు". అందుకని ఒక కాగితం తయారుచేశాం. పిల్లలు వచ్చి ఏదైనా చెప్పిన రోజున ఫోన్ లాక్కోము, చదువు మాన్పించము, పెళ్లి మాట ఎత్తము. మూడే మాటలు. పంతొమ్మిది మంది తల్లిదండ్రులు సంతకం పెట్టారు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండా తాను చర్చిలో పెళ్లి ప్రకటనలు చదవనని అయ్యగారు అక్కడే అందరి ముందు చెప్పారు.

పంతొమ్మిది అని రాయడానికి బాగానే ఉంది. ఆ రోజు వచ్చిన పిల్లలు నలభై ముగ్గురు. పదకొండు మంది పెద్దల కమిటీలో వచ్చింది ఇద్దరు. పోయిన ఏడాది వాలంటీర్లుగా పేర్లు ఇచ్చింది పద్నాలుగు మంది, మొదటి తరగతికి తొమ్మిది మంది వచ్చారు, దసరా నాటికి నాతో కలిపి నలుగురం మిగిలాం. మగపిల్లలకు విడిగా ఒక తరగతి కావాలని వాళ్లే అడిగారు. తీసుకోవడానికి ఒక్క అన్నయ్య దొరకలేదు. క్రికెట్ టోర్నమెంటుకు మాత్రం ఎనిమిది మంది అన్నయ్యలు దొరికారు. ఇక ప్రభుత్వ కార్యాలయం సంగతి: పిల్లల రక్షణ మీద మాట్లాడటానికి ఒక అధికారిని పంపమని రెండుసార్లు ఉత్తరం ఇచ్చాం. మూడోసారి నేనే వెళ్తే, ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో మా ఉత్తరమే లేదన్నారు. ముద్ర వేసిన కాపీ చూపించాను. "చూస్తాంలెండి" అన్నారు. ఇంకా చూస్తున్నారు.

జమ ఖర్చులు ఖజాంచి గారు విడిగా చదువుతారు. బడ్జెట్‌లో మనకు రాసినదాంట్లో సగమే చేతికొచ్చింది, మిగతాది సౌండ్ సిస్టమ్‌కు మళ్లింది. ఖర్చంతా టీ, బిస్కెట్లు, జిరాక్సే. రసీదులు ఫైల్లో ఉన్నాయి, ఆటో ఛార్జీలకు తప్ప.

అయ్యగారికి, ఆడపిల్లలు అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తిన అమ్మగారికి, ఫీజు మాట ఎత్తని లాయరు చెల్లెలికి, ప్రతిసారీ టీ కాచిన స్త్రీల సమాజం వారికి, కుర్చీలు వేసి తీసిన వాచ్‌మన్ తాతగారికి, హాస్టల్ పిల్లల్ని బస్టాండు నుంచి తన వ్యాన్‌లో తీసుకొచ్చిన కూరగాయల అన్నయ్యకు, ఆ సాయంకాలం లేచి మాట్లాడిన తండ్రికి కృతజ్ఞతలు. శనివారం సాయంత్రాలు వంట తనే చేసుకున్న మా వారికి కూడా.

వచ్చే జూన్‌లో మళ్లీ మొదలుపెట్టాలి. వాలంటీర్ల కాగితం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. ఈసారి పేరు, ఫోన్ నంబరుతో పాటు ఏయే శనివారాలు రాగలరో కూడా రాయండి. మగపిల్లల తరగతికి పైన విడిగా ఒక గడి గీశాం, అది ఇంకా ఖాళీగానే ఉంది. పెన్ను దారంతో కట్టి ఉంచాం.

ఇట్లు,
కార్యదర్శి, యౌవనస్థుల విభాగం