'డిస్పోజ్డ్' అని ఫైలు కట్టేస్తే ధిక్కరణే

సంపాదకునికి,

విశ్వవిద్యాలయాల్లో, ప్రభుత్వ కళాశాలల్లో లీగల్ సెల్ అంటే కోర్టు నోటీసును వకీలుకు చేరవేసే తపాలా సెక్షన్ అనే అనుకుంటారు. కోర్టులో వాదించేది సంస్థ తన కేసుల కోసం పెట్టుకున్న వకీలైన స్టాండింగ్ కౌన్సిలో, ప్రభుత్వ ప్లీడరో కావచ్చు. వాళ్ల చేతికి కాగితం అందించాల్సింది మాత్రం లోపలి కార్యాలయమే.

సంస్థ నిర్ణయాన్ని సవాలు చేస్తూ హైకోర్టులో వేసే రిట్ పిటిషన్ ప్రతి అందగానే పేరాల వారీ రిమార్కులు మొదలవ్వాలి. ప్రతి పేరాకూ ఒప్పుకుంటున్నామా, కాదంటున్నామా, అందుకు ఏ జీవో, ఏ నోట్‌ఫైలు పేజీ ఆధారం అన్నది రాయాలి. 'ఆరోపణలు నిరాధారం' అని ఒక్క ముక్క రాసి పంపితే కోర్టుకు ఇచ్చే లిఖిత జవాబైన కౌంటరుకు అక్కరకు రాదు. పిటిషన్ ప్రతి ఇవ్వకుండా, అవతలి వాదన వినకుండా మధ్యంతర ఉత్తర్వు వచ్చినప్పుడు, దాన్ని రద్దు చేయమని వేసే దరఖాస్తును రెండు వారాల్లో తేల్చాలని రాజ్యాంగం 226(3) అధికరణం చెబుతోంది. పరీక్షల విభాగానికీ, ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంటుకూ మధ్య ఫైలు తిరుగుతూనే ఉంటే ఆ వెసులుబాటు ఎవరికి?

అన్నిటికన్నా కొంప ముంచేది, 'వినతిపత్రాన్ని నాలుగు వారాల్లో పరిశీలించి తగిన ఉత్తర్వులివ్వండి' అంటూ ముగిసే కేసు. డిస్పోజ్డ్ (కేసు ముగిసింది) అన్న మాట కనబడగానే ఫైలు కట్టి బీరువాలో పెట్టేస్తారు. గడువు దాటాక రిజిస్ట్రార్ పేరు మీదే కోర్టు ధిక్కరణ పిటిషన్ వస్తుంది. 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం కింద ఆరు నెలల దాకా సాధారణ జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నిజానికి ఇలాంటి ఉత్తర్వులో కోర్టు అడిగింది ఒక జవాబు మాత్రమే. కారణం రాసి కాదనే వీలుంది. గడువు చాలదనిపిస్తే అది తీరకముందే పొడిగింపు అడగొచ్చు. కేసుల రిజిస్టరులో వాయిదా తేదీ గడి ఉంటుంది గానీ, 'అమలు గడువు', 'బాధ్యుడు' అనే గడులు ఉండవు. ముందు అవి గీయాలి.

అసలు పని ఉత్తర్వు మీద సంతకం పడకముందే ఉంది. మాల్‌ప్రాక్టీస్ కింద విద్యార్థిని డిబార్ చేస్తూ 'కమిటీ సిఫారసు మేరకు' అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఏ నిబంధన కింద, ఏ ఆధారంతో, అతని వివరణ ఎందుకు చాలలేదో అందులో కనబడదు. ఆ తర్వాత కౌంటరులో ఎన్ని కారణాలు పేర్చినా లాభం లేదు. ఉత్తర్వులో లేని కారణాన్ని అఫిడవిట్‌తో పూరించలేరని మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు 1977లోనే తేల్చింది. షోకాజ్ నోటీసు, అది అందినట్టు రుజువు, వివరణ, కమిటీ మినిట్స్ వరుసగా ఉన్నాయో లేదో లీగల్ సెల్ చూశాకే అలాంటి ఉత్తర్వు బయటికి వెళ్లాలి.

పాఠాలు, మూల్యాంకనం చూసుకునే అధ్యాపకుడికి అదనపు బాధ్యతగా అప్పగిస్తే ఇదంతా సాగదు. న్యాయశాస్త్రం చదివిన అధికారిని రెగ్యులర్ పోస్టులో వేసి, అమలు గడువుల జాబితాను ప్రతి సోమవారం రిజిస్ట్రార్ లేదా ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టించాలి.

– విశ్వవిద్యాలయ న్యాయ వ్యవహారాల ఉద్యోగులు, హైదరాబాద్